త్రీడీ బొమ్మ గుట్టు విప్పింది మాట్లాడటానికే మొహమాటపడే ప్రొఫెసర్.. పేరు మాత్రం వేరొకరి పరికరానికి..!

కొత్తగూడెం దాటి, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ఎప్పుడైనా బండి ఆపి, ఒక కన్ను మూసి అడవిని చూడండి. టేకు, మద్ది, వెదురు, తునికి.. అన్నీ కలిసి ఒకే పచ్చ గోడలా అతుక్కుపోయి కనిపిస్తాయి. రెండో కన్ను తెరవగానే సీన్ మారిపోతుంది. ముందున్న కొమ్మ ముందుకొస్తుంది, వెనక చెట్టు వెనక్కి జరుగుతుంది, మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. ఫోన్‌లో ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా అడవి వీడియో చప్పగా ఉందనిపించడానికి కారణం ఇదే. ఫోన్ వీడియో ఒంటికన్ను చూపు.

మరి రెండు కెమెరాలు పెట్టి రెండు వీడియోలు తీస్తే? త్రీడీ వీడియో అంటే అదే. కానీ తీయడం ఒక ఎత్తు, ఆ రెండింటినీ జత కుదర్చడం మరో ఎత్తు. ఒక బొమ్మ వెంట్రుకవాసి పైకి ఉన్నా, కాస్త ముదురు రంగులో ఉన్నా చూసేవాళ్లకు తల తిరుగుతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది రోజూ ఉండే తిప్పలే. అయితే ఈ తిప్పలు మొదట పడిన మనిషి సినిమా మనిషి కాదు. అసలు సినిమానే లేని కాలం మనిషి. ఇంకా చెప్పాలంటే, ఫోటోగ్రఫీ అనేది ఒకటుందని లోకానికి తెలియకముందే 1838లో ఆయన త్రీడీ బొమ్మ చూపించారు. ఆయనే సర్ చార్లెస్ వీట్‌స్టోన్. ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు ఈ పేరు ఎక్కడో తగిలినట్టే ఉంటుంది. అవును, వీట్‌స్టోన్ బ్రిడ్జ్. కానీ అది ఆయన కనిపెట్టింది కాదు..! ఆ కథ తర్వాత.

వాయిద్యాల షాపులో పెరిగిన కుర్రాడు

1802 ఫిబ్రవరి 6న ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్ దగ్గర బార్న్‌వుడ్‌లో పుట్టారు వీట్‌స్టోన్. ఇంట్లో అందరిదీ సంగీత వాయిద్యాల వ్యాపారం. చార్లెస్‌కు నాలుగేళ్లప్పుడు కుటుంబం లండన్‌కు మకాం మార్చింది. పద్నాలుగేళ్లకే పని నేర్చుకోమని తండ్రి సోదరుడి షాపులో పెట్టారు. పనికంటే పుస్తకాల మీదే ధ్యాస. పాత పుస్తకాల దుకాణంలో వోల్టా విద్యుత్ ప్రయోగాల గురించిన పుస్తకం ఒకటి కంటపడితే, డబ్బులు కూడబెట్టి మరీ కొన్నాడట. తీరా చూస్తే అది ఫ్రెంచ్‌లో ఉంది. మళ్లీ డబ్బులు దాచి డిక్షనరీ కొన్నాడు. సోదరుడితో కలిసి ఇంట్లోనే బ్యాటరీ చేయబోతే రాగి పలకలకు డబ్బు చాలలేదు. జేబులోని రాగి నాణేలనే పలకల బదులు పేర్చేశాడని చెబుతారు.

1821లో, పంతొమ్మిదేళ్లకే, లండన్ జనాన్ని నోరెళ్లబెట్టించాడు. షాపులో పైకప్పు నుంచి ఒక వీణలాంటి వాయిద్యం వేలాడుతుంటుంది. ఎవరూ ముట్టుకోరు. అది దానంతట అదే మోగుతుంది..! అసలు సంగతి ఏంటంటే, పై గదిలో వేరే వాయిద్యాలు వాయిస్తున్నారు. ఆ కంపనం తీగ గుండా కిందికి దిగుతోంది. మాయ కాదు, భౌతికశాస్త్రం. ధ్వని ఘనపదార్థంలో ఎలా ప్రయాణిస్తుందో చూపించడానికి పెట్టిన ప్రదర్శన అది. కన్సర్టినా అనే చేతి వాయిద్యం కూడా ఆయనదే. 1829లో పేటెంట్ తీసుకున్నారు.

కాలేజీ డిగ్రీ లేదు. అయినా 1834లో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. అదే ఏడాది తిరిగే అద్దంతో తీగలో విద్యుత్ వేగాన్ని కొలిచారు. వచ్చిన లెక్క సెకనుకు 2,88,000 మైళ్లు. అది కాంతి వేగం కంటే ఎక్కువ, అంటే తప్పు. కానీ తిరిగే అద్దంతో అంత చిన్న క్షణాన్ని కొలవొచ్చన్న ఉపాయం మాత్రం నిలిచింది. తర్వాతివాళ్లు కాంతి వేగాన్ని అదే దారిలో కొలిచారు.

ఆయనకున్న పెద్ద ఇబ్బంది ఒక్కటే.. జనం ముందు నోరు పెగలదు. నలుగురు స్నేహితుల మధ్య గంటలకొద్దీ మాట్లాడే మనిషి, సభ అనగానే ముడుచుకుపోయేవారు. కాలేజీలో పాఠాలు చెప్పడం కూడా తొందరగానే మానేశారు. ఆయన కనిపెట్టిన విషయాలను రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదిక మీద వివరించింది ఎవరో తెలుసా? మైకేల్ ఫారడే. అంతటి శాస్త్రవేత్త స్నేహితుడి తరఫున మాట్లాడేవారు. ఈ మొహమాటమే తర్వాత వీట్‌స్టోన్‌కు ఖరీదైంది.

రెండు అద్దాలు.. రెండు గీతల బొమ్మలు

మనిషి రెండు కళ్ల మధ్య దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. కాబట్టి దగ్గరి వస్తువు ఎడమ కంటికి ఒకలా, కుడి కంటికి కాస్త మరోలా కనిపిస్తుంది. ఇది పాతకాలం నుంచీ అందరికీ తెలిసిందే. కానీ ఆ తేడాను పండితులు ఒక చికాకుగానే చూశారు. రెండు కళ్లకు రెండు బొమ్మలు పడుతుంటే మనకు ఒకటే ఎందుకు కనిపిస్తోంది? ఇదే వాళ్ల ప్రశ్న. వీట్‌స్టోన్ ప్రశ్నను తిప్పేశారు. ఆ తేడా చికాకు కాదేమో.. లోతు తెలిసేదే దానివల్లనేమో?

తేల్చుకోవడానికి ఆయన చేసిన పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. రెండు చిన్న అద్దాలను నిలువుగా, వెనక వీపులు కలిసేలా, వీ ఆకారంలో నిలబెట్టారు. ఆ మొన దగ్గర ముక్కు పెట్టాలి. ఎడమ అద్దంలో ఎడమ పక్క బోర్డు మీది బొమ్మ, కుడి అద్దంలో కుడి పక్కది కనిపిస్తాయి. ఒక బొమ్మ ఎడమ కంటికి కనిపించినట్టు, రెండోది కుడి కంటికి కనిపించినట్టు గీసింది. కళ్లు ఆన్చి చూస్తే, కాగితం మీది గీతలు గాల్లోకి లేచి ఘనాకారంగా నిలబడతాయి. స్టీరియోస్కోప్ అని పేరు పెట్టి, 1838 జూన్‌లో రాయల్ సొసైటీకి పత్రం సమర్పించారు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. ఆయన వాడినవన్నీ వట్టి గీతల బొమ్మలు. ఘనం, శంకువు, పిరమిడ్.. నీడలు లేవు, రంగులు లేవు. బొమ్మలు వేయడం రాక కాదు. నీడ వేస్తే లోతు దానివల్ల వచ్చిందని ఎవరైనా అనొచ్చు. అందుకే అన్నీ తీసేసి, రెండు బొమ్మల మధ్య ఒకే ఒక్క తేడా మిగిల్చారు. అడ్డంగా, పక్కకు జరిగే ఆ కొద్దిపాటి తేడా.

దాంతో ఆగలేదు. ఒక కంటికి ఒక అక్షరం, రెండో కంటికి వేరే అక్షరం చూపించారు. అవి కలవలేదు. ఒకసారి ఇది, ఒకసారి అది, మధ్యలో ముక్కలు ముక్కలుగా.. రెండూ కొట్టుకున్నాయి. అంటే మెదడు ఏ తేడానైనా లోతుగా మార్చుకోదు. పక్కకు జరిగిన తేడా అయితే లోతు, మిగతాది గందరగోళం.

ఇవాళ త్రీడీ వీడియో శుభ్రం చేసేవాళ్లు చేసే పనంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. ఒక లెన్స్ మీద దుమ్ము పడింది, రెండో దాని మీద లేదు. ఒక కెమెరాకు నీటి మీద మెరుపు తగిలింది, రెండోదానికి తగల్లేదు. ఒక బొమ్మ కాస్త ఎత్తుగా ఉంది. ఒకటి కాస్త జూమ్ అయింది. ఒక కెమెరా సెకనులో చిన్న భాగం ఆలస్యంగా మొదలైంది. ఇవన్నీ పనికిరాని తేడాలే. వీటిని ఒక్కొక్కటిగా తుడిచేసి, పనికొచ్చే ఆ ఒక్క తేడాను కాపాడుకోవాలి. అసలే ఫోన్ స్క్రీన్‌లో రెండు బొమ్మలూ పక్కపక్కన సర్దితే 1920 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో కంటికి దక్కేది 960. సగం నాణ్యత అక్కడే పోయింది. మిగిలిన సగం సరిగ్గా జత కుదరకపోతే ఇక చూడటమే కష్టం.

47 డిగ్రీలు ఎక్కువ.. 25 చాలు

1839లో ఫోటోగ్రఫీ బయటికొచ్చింది. చేత్తో గీయాల్సిన బాధ తప్పిందని వీట్‌స్టోన్ సంబరపడే ఉంటారు. కానీ కొత్త తంటాలు మొదలయ్యాయి. కాగితం మీద ఫోటో తీసే పద్ధతి కనిపెట్టిన టాల్బట్‌ను అడిగి జంట ఫోటోలు తీయించుకున్నారు. వాటిలో రెండు చోట్ల నుంచి తీసిన కోణం తేడా దాదాపు 47 డిగ్రీలు. మరీ ఎక్కువ. బొమ్మలు కలవడం కష్టం, కలిసినా ఆకారం వంకరపోతుంది. 25 డిగ్రీలు చాలని వీట్‌స్టోన్ 1840 డిసెంబర్‌లో టాల్బట్‌కు రాశారు. త్రీడీలో రెండు కెమెరాల మధ్య ఎంత ఎడం ఉండాలన్న చర్చకు తొలి అడుగు ఇదే అనుకోవచ్చు. లోతు ఎక్కువ రావాలని కెమెరాలు దూరం జరిపేసి తర్వాత లబోదిబోమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1841లో హెన్రీ కొలెన్ అనే ఫోటోగ్రాఫర్, కంప్యూటర్ పితామహుడిగా పేరున్న చార్లెస్ బాబేజ్‌ను జంట ఫోటోలు తీశారు. అప్పట్లో ఒక్క ఫోటోకే మనిషి చాలాసేపు బిగుసుకుని కూర్చోవాలి. రెండు ఫోటోలంటే, మొదటిది అయ్యాక రెండోది. మధ్యలో తల అంగుళం కదిలినా జత చెడినట్టే. వెండి పలక మీద తీసే డాగెర్రోటైప్ ఫోటోలైతే ఇంకో సమస్య.. పలకే అద్దంలా మెరిసిపోయేది. అద్దాల పరికరంలో పెడితే బొమ్మకంటే మెరుపే ఎక్కువ. పైగా అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, బొమ్మలను కూడా తిప్పి తయారు చేసుకోవాలి.

కుడి ఎడమల తారుమారు మీద ఆయన ఏకంగా ఓ పరికరమే చేశారు. 1852లో వివరించిన దాని పేరు సూడోస్కోప్. ఎడమ కంటికి చేరాల్సింది కుడి కంటికి, కుడిది ఎడమకు చేరుతుంది. దాంట్లోంచి చూస్తే గిన్నె లోపలి గుంట బయటికి ఉబ్బినట్టు కనిపిస్తుంది. దూరం దగ్గరవుతుంది, దగ్గర దూరమవుతుంది. ఎడిటింగ్‌లో రెండు ఫైళ్లు అటూ ఇటూ మారిపోతే జరిగేది అచ్చంగా ఇదే. బొమ్మలో తప్పేంటో తెలియదు, కళ్లు మాత్రం లాగేస్తుంటాయి.

బొమ్మ కదిలితే? ఆ ఆలోచన కూడా వచ్చింది. తిరిగే చక్రం మీద బొమ్మలు పెట్టి కదలిక చూపించే బొమ్మల యంత్రాన్ని బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో అప్పటికే చేశారు. దానికి స్టీరియోస్కోప్‌ను జతచేస్తే బాగుంటుందని వీట్‌స్టోన్ సూచించారు. 1849లో ప్లాటో ఆ సూచనను ఆయన పేరుతోనే అచ్చువేశారు. కదిలే త్రీడీ బొమ్మ! మన దేశంలో తొలి త్రీడీ సినిమా మై డియర్ కుట్టిచ్చాతన్ థియేటర్‌కు రావడానికి ఇంకా 135 ఏళ్లు ఉంది.

బ్రూస్టర్‌తో గొడవ

వీట్‌స్టోన్ పరికరం పెద్దది. టేబుల్ కావాలి, సర్దాలి. ప్రయోగశాలకు బాగుంటుంది, ఇంటికి కాదు. అక్కడ అడుగుపెట్టారు స్కాట్లాండ్ శాస్త్రవేత్త సర్ డేవిడ్ బ్రూస్టర్. కలైడోస్కోప్ కనిపెట్టింది ఈయనే. అద్దాలు తీసేసి కటకాలు పెట్టి, చేతిలో పట్టుకునే పెట్టె చేశారు. ఇందులో మెచ్చుకోవాల్సిన తెలివి ఒకటుంది. ఒకే కటకాన్ని రెండు ముక్కలు చేసి రెండు కళ్లకు వాడారు. అలా చేస్తే రెండు వైపులా బొమ్మ ఒకే సైజులో, ఒకే నాణ్యతతో వస్తుంది. ఇప్పుడు త్రీడీ కెమెరాలకు ఒకే రకం లెన్సుల జత వెతుక్కోవడం ఎందుకో దీంతోనే అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో ఎవరూ పట్టించుకోకపోతే పారిస్‌లో డ్యూబాస్క్ తయారు చేశారు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి చూసి ముచ్చటపడ్డారు. అంతే.. తర్వాత మూడు నెలల్లో లండన్, పారిస్‌లలో దాదాపు రెండున్నర లక్షల స్టీరియోస్కోపులు అమ్ముడుపోయాయి. 1854లో దీనికోసమే లండన్‌లో ఓ కంపెనీ పెట్టారు. స్టీరియోస్కోప్ లేని ఇల్లు ఉండకూడదన్నదే దాని నినాదం. జనానికి తెలిసిన స్టీరియోస్కోప్ బ్రూస్టర్‌ది. జనం నోట్లో పేరూ బ్రూస్టర్‌దే.

అంతవరకైతే ఫర్వాలేదు. కానీ బ్రూస్టర్ ఇంకో అడుగు వేశారు. అసలు మూల ఆలోచనే వీట్‌స్టోన్‌ది కాదన్నారు. ఎడిన్‌బరోకు చెందిన జేమ్స్ ఎలియట్ అనే ఉపాధ్యాయుడికి ఈ ఆలోచన 1834లోనే వచ్చిందని వాదించారు. 1856లో టైమ్స్ పత్రికలో ఇద్దరి మధ్య ఉత్తరాల యుద్ధం నడిచింది. పాతకాలపు ఇటలీ చిత్రకారుడు కిమెంటి గీసిన రెండు బొమ్మలు కూడా స్టీరియో జతేనని తర్వాత మరో వాదన తెచ్చారు. సభలో నోరు విప్పని వీట్‌స్టోన్ ఈసారి మాత్రం కాగితం మీద గట్టిగానే నిలబడ్డారు. ఆయన వైపు బలమైన సాక్ష్యమూ ఉంది. హెర్బర్ట్ మాయో అనే వైద్యుడు 1833లో వేసిన శరీరధర్మ శాస్త్ర పుస్తకంలోనే రెండు కళ్ల చూపు గురించి వీట్‌స్టోన్ చేస్తున్న పని ప్రస్తావన ఉంది. అంటే ఎలియట్ తేదీ కంటే ముందే. చరిత్ర కూడా చివరికి వీట్‌స్టోన్ వైపే మొగ్గింది. అయితే ఒకటి.. 1838కి ముందే పత్రం రాసేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆలస్యం ఆయనదే.

పని ఒకరిది.. పేరు మరొకరిది

ఇప్పుడు ఆ బ్రిడ్జ్ కథ. ఇంటర్ ల్యాబ్‌లో మీటర్ బ్రిడ్జ్ మీద జాకీ జరుపుతూ గాల్వనోమీటర్ ముల్లు సున్నా దగ్గర ఆపేందుకు ఆపసోపాలు పడతారు కదా, ఆ సూత్రం కనిపెట్టింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. 1833లో. వీట్‌స్టోన్ 1843లో దాని ఉపయోగాలు వివరంగా చెప్పారు. క్రిస్టీదేనని స్పష్టంగా రాశారు కూడా. అయినా లోకం వీట్‌స్టోన్ బ్రిడ్జ్ అనే పిలిచింది. ఇంకో విచిత్రం.. రహస్య సందేశాలు రాసే ప్లేఫెయిర్ సైఫర్ 1854లో కనిపెట్టింది వీట్‌స్టోన్. కానీ దాన్ని ప్రచారం చేసిన స్నేహితుడు ప్లేఫెయిర్ పేరు దానికి అతుక్కుంది.

టెలిగ్రాఫ్‌లోనూ తగువు తప్పలేదు. భాగస్వామి విలియం కుక్ అంతకుముందు ఈస్టిండియా కంపెనీ మద్రాస్ సైన్యంలో పనిచేసిన మనిషి. ఇద్దరూ కలిసి 1837 జులై 25న లండన్‌లో యూస్టన్ నుంచి క్యామ్‌డెన్ టౌన్ దాకా రైలు పట్టాల వెంట తీగ వేసి సందేశం పంపారు. 1845లో స్లావ్‌లో హత్య చేసి రైలెక్కిన నిందితుడి వివరాలు రైలు కంటే ముందే ప్యాడింగ్టన్ స్టేషన్‌కు చేరడంతో టెలిగ్రాఫ్ పేరు మారుమోగింది. కనిపెట్టింది ఎవరన్న దానిపై మాత్రం భాగస్వాములకు చెడింది. 1841లో మధ్యవర్తులు ఇద్దరికీ సమానంగా ఘనత పంచి పంపేశారు. ఆ తర్వాత కూడా ఇద్దరికీ మనసులు కలవలేదు.

1847లో ఎమ్మా వెస్ట్‌ను పెళ్లి చేసుకున్నారు. ఐదుగురు పిల్లలు. 1866లో భార్య చనిపోయారు. 1868లో సర్ బిరుదు వచ్చింది. 1875లో పారిస్ వెళ్లిన వీట్‌స్టోన్ అక్కడే ఊపిరితిత్తుల జబ్బుతో అక్టోబర్ 19న కన్నుమూశారు. 73 ఏళ్లు. భౌతికకాయాన్ని లండన్ తెచ్చి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఖననం చేశారు. పుస్తకాలు, పరికరాలు కింగ్స్ కాలేజీకే రాసిచ్చారు.

షాద్‌నగర్‌కు దిగిన జంట చిత్రాలు

ఆ రెండు బొమ్మల సూత్రం మన దగ్గర సినిమాకంటే పెద్ద పనికే అక్కరకొచ్చింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఇస్రో కార్టోశాట్-1ను పంపింది. అందులో రెండు కెమెరాలు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు వంగి, మరొకటి 5 డిగ్రీలు వెనక్కి వంగి నేలను చూసేవి. 618 కిలోమీటర్ల ఎత్తున వెళ్తూ ముందు కెమెరా తీసిన చోటునే దాదాపు 52 సెకన్ల తర్వాత వెనక కెమెరా తీసేది. ఎడమ కన్ను, కుడి కన్ను అన్నమాట. నేల మీద రెండున్నర మీటర్ల వివరం కనిపించే ఆ జంట చిత్రాలు హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్ స్టేషన్‌కు దిగేవి. వాటి నుంచి దేశం మొత్తానికి ఎత్తుల పటం తయారైంది.

ఎత్తులు ఎందుకంటే.. భద్రాచలం వాళ్లను అడగాలి. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. నీళ్లు ఎంత పెరిగితే ఏ ఊరు మునుగుతుందో ముందే చెప్పాలంటే నేల ఎత్తు తెలియాలి.

ఇక్కడా వీట్‌స్టోన్ పడిన తిప్పలే. ఆ 52 సెకన్లలో మబ్బు కదిలితే రెండు చిత్రాల్లో అది రెండు చోట్ల ఉంటుంది, జత కుదరదు. మబ్బు లేని రోజు చూసుకోవాలి. ఖమ్మం దాటి అడవి మొదలయ్యాక ఇంకో చిక్కు. పై నుంచి చూసే రెండు కళ్లకు కనిపించేది టేకు చెట్ల తలలే, కింద నేల కాదు. పటంలో పడే ఎత్తు చెట్ల చివళ్లది. అందులోంచి చెట్టు ఎత్తును తీసేస్తేనే వాగు ఒడ్డు అసలు మట్టం తేలుతుంది.